వాడే ఈ దేవదత్తుడు

పూర్వమెన్నడో ఒక పట్టణమున చూచిన దేవదత్తుని కొన్నేండ్లకు మరియొక పట్టణమున కాంచి, 'వాడే ఈ దేవదత్తుడు' అని ఆనవాలు పట్టుట మన దార్శనికులకు మిక్కిలి ప్రియమైన ఉదాహరణము. అందు 'వాడు' అనునది స్మృతి, 'ఈ' అనునది ప్రత్యక్షము. రెండును ఒక్కటై వెలసిన జ్ఞానమునకు ప్రత్యభిజ్ఞ యని పేరు. కాశ్మీర శైవులు ఈ పేరనే ఒక దర్శనమును నిర్మించి, జీవుడు క్రొత్తగా సంపాదింపవలసినదేమియు లేదనియు, తన్ను తాను గుర్తించుటయే మోక్షమనియు బోధించిరి. ఈ విచారము చిత్రకళకేల యని పాఠకుడు శంకింపవచ్చును. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ జీవితమును తలచినపుడెల్ల నాకీ దేవదత్తుడు జ్ఞప్తికి వచ్చుటయే అందులకు కారణము.

సంస్కృత పారసీకములు నేర్చిన సిక్కు ప్రభువంశీయుడగు ఉమ్రావ్ సింగునకు, గానవిద్య నెరిగిన హంగేరీ వనితయందు, 1913 జనవరి 30వ తేదీన బుడాపెస్టు నగరమున ఆమె జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయము వరకు హంగేరీలో, పిమ్మట సిమ్లా కొండలపై, నడుమ కొన్నాళ్లు ఫ్లోరెన్సులో, 1929 మొదలు పారిస్‌లో — ఇట్లు ఒక నేల ఆమె వేళ్లను పూర్తిగా పట్టుకొనకముందే మరియొక నేల ఆమెను పిలుచుచు వచ్చినది. పారిస్ కళావిద్యాలయమున ల్యూసియాఁ సిమోఁ కడ తైలవర్ణవిద్య నభ్యసించి, 1932లో రచించిన 'యువతులు' అను పటమునకు మరుసటి యేట సలోన్ ప్రదర్శనశాల స్వర్ణపతకమును, సభ్యత్వమును పొందినది. అప్పటికి ఆమెకు ఇరువదేండ్లు. అచ్చటనే నిలిచియుండినచో ఆమెను తప్పుపట్టువారెవరును లేరు.

స్వధర్మము పుట్టుకతో వచ్చునదే యగునేని, ఇరువంశముల నెత్తురును, పెక్కుదేశముల మాటలును కలసిన ఈ బిడ్డకు స్వధర్మమేది? ఆమె 1934లో తన్ను తాహితీ ద్వీపపు స్త్రీగా చిత్రించుకొనిన పటమున ఈ ప్రశ్నయే మౌనముగా నిలిచియున్నదని నాకు తోచును. గోగాఁ వంటి ఐరోపా చిత్రకారుడు చూచి చిత్రించిన శ్యామాంగనల స్థానమున ఆమె తానే నిలిచినది. చూచునదియు తానే, చూడబడునదియు తానే. చిత్రకారిణిగా తన భవితవ్యము భారతభూమియందే కలదను వివరింపరాని తపనతో ఆ యేటి చివరనే ఆమె మరలివచ్చెను.

కాని మరలివచ్చినంతమాత్రమున గుర్తింపు కలుగదు. 1935 నాటి 'భారతమాత' యందలి పేదతల్లి ముఖమున విషాదము నిజమే గాని, ఆ విషాదమున పరాయి కంటి జాలి పాలు కొంత కలదనుట నా అభిప్రాయము. సంపన్నగృహమున పెరిగిన స్త్రీ పేదలను చూచి తన దుఃఖమునే వారికి తొడిగినదను ఆక్షేపణమును నేను తేలికగా త్రోసిపుచ్చజాలను. ఆ జాలి ఎచ్చట కరగెనో తెలియుటకు అజంతాకు పోవలెను.

1936 చివర దక్షిణయాత్రకు బయలుదేరి ఆమె ఆ గుహలను దర్శించెను. ఇల్లు విడిచిన భిక్షువులు వర్షావాసమునకై తొలిపించుకొన్న కొండ అది. మొదటి గుహ పైకప్పున పారసీకులను తలపించు వేషములవారు కూడ కలరు. అనగా అదియు బాటసారులు కలసిన చోటే. మరియొక విశేషము కలదు. ప్రత్యభిజ్ఞను ఖండించినవారు బౌద్ధులే. దీపశిఖ క్షణక్షణమును వేరైనను ఒక్కటే యని భ్రమించునట్లు, 'వాడే వీడు' అనుటయు భ్రాంతియే యని వారి వాదము. అట్టి బౌద్ధుల గుహలోనే ఈమెకు గుర్తింపు కలిగినది! అజంతా ఆమె పుట్టినిల్లు కాదు, మునుపెన్నడును చూచినది కాదు; అయినను 'ఇదియే అది' అనిపించినచో, గుర్తింపబడినది గుహ కాదు, గుహను చూచుచున్న కన్ను.

అచ్చటినుండి దక్షిణమునకు సాగి, కన్యాకుమారిని, కొచ్చిన్‌లోని మట్టాంచేరి రాజప్రాసాదపు కుడ్యచిత్రములను చూచి, 1937లో మూడు పటములు రచించెను: 'వధువు అలంకరణము', 'బ్రహ్మచారులు', 'అంగడికి పోవు దక్షిణదేశ గ్రామీణులు'. వీనిలో నేను విడువలేనిది రెండవది. తెల్లని ధోవతులు కట్టి, ఛాతీలు ఆచ్ఛాదనము లేక, ఐదుగురు యువకులు నేలపై కూర్చుండియున్నారు. దేహచ్ఛాయ ఒకరిది ఒకరికి చేరదు, చూపు ఒకరిది ఒకరికి కలియదు. ఎవరును ఏమియు చేయుటలేదు. అందు భక్తిబోధ లేదు, అపహాస్యమంతకంటెను లేదు. జాలి బొత్తిగా లేదు, ఏలయన వారు మనలనేమియు యాచించుటలేదు. అజంతా రేఖకు అనుకరణమా యన్న, కాదు. పారిస్‌లో నేర్చిన తైలవర్ణమే, పశ్చిమదేశపు కాన్వాసే. గ్రామము విడువనివాడు ఆ బ్రహ్మచారులను నిత్యము చూచును గాని గుర్తింపడు. ఎడబాటు లేనిచో 'వాడు' అను స్మృతికి తావేది? పరదేశీయుడు 'ఈ' అనునంతవరకే చూచును. రెండును కూడినచోటనే ఆ పటము పుట్టినది. బౌద్ధుల ఆక్షేపణమునకు తర్కమున సమాధానము చెప్పు శక్తి నాకు లేదు, కాని ఆ ఐదుగురి ముందు నిలిచినపుడు అది భ్రాంతి యని నేను అంగీకరింపజాలను.

పిదప ఆమె హంగేరీకి పోయి 1938లో వివాహమాడి, మరుసటి యేట మరలివచ్చి, గోరఖ్‌పూరు ప్రాంతమున సరాయా గ్రామమున నివసించి, 1941లో లాహోరు చేరినది. ఆ యేడు డిసెంబరు 5వ తేదీన, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున, అచ్చటనే మరణించినది. ఇంటి మేడపైనుండి కానవచ్చు గోడలును, క్రింద నిలిచిన గేదెలును గల పటమొకటి అసంపూర్ణముగా మిగిలెను.