సేతువు తెరచుకొను వేళ

రష్యా దేశమందలి సెయింట్ పీటర్స్‌బర్గు నగరమునకు వెళ్లివచ్చిన మా ఆలూరు యువకుడొకడు ఇటీవల ఒక వింత చెప్పినాడు. వేసవిలో అర్ధరాత్రి దాటిన పిమ్మట అక్కడ నేవా నదిపై వంతెనలు నడిమికి విడి, రెక్కలవలె పైకి లేచునట. 1916లో ప్రారంభమైన రాజప్రాసాద వంతెన వానిలో ప్రసిద్ధమైనది. పెద్ద ఓడలకు త్రోవ యిచ్చుటకే ఆ యేర్పాటు. ఆ దృశ్యము చూచుటకై జనులు రాత్రివేళ నావలెక్కి నది మధ్యకు పోవుదురు. ఆవలి యొడ్డున ఇల్లున్నవాడు మాత్రము వంతెన మరల కలియువరకు ఈవలనే నిలువవలెను. వంతెన ఒక్కటే, ఘడియ ఒక్కటే. నావలోనివానికి వేడుక, ఒడ్డుననున్నవానికి విసుగు.

ఈ మాట వినగానే నాకు పాంబన్ జ్ఞప్తికి వచ్చినది. 1914లో ప్రారంభమైన ఆ రైలు వంతెన నడిమి భాగమును మనుష్యులు చేతులతో యంత్రము త్రిప్పి పైకెత్తెడివారు. 1994లో మా తండ్రిగారి అస్థికలతో, అమ్మను వెంటబెట్టుకొని సేతుస్నానమునకు పోవుచుంటిని. అమావాస్య తిథి మధ్యాహ్నముతో ముగియనున్నది. వంతెనకు ముందు రైలు నిలిచిపోయినది. పడవలు దాటుచున్నవనిరి. "మన పితృకార్యము చెరుపుటకే వచ్చినవా ఈ పడవలు!" అని మండిపడితిని. అమ్మ మెల్లగా, "నాయనా, ఆ పడవలవారికి కూడా ఇంటిదగ్గర ఎదురుచూచేవారుంటారు గదా!" అన్నది.

తిథి దాటిపోయినది. అస్థికలను మరునాడు సముద్రమున కలిపితిని. ఆ లోపము నేటికిని మనసున మెదలుచున్నది. అమ్మ మాట అంతకన్న లోతున నున్నది.

సంస్కృతమున సేతు శబ్దమునకు గట్టు అనియు, వంతెన అనియు రెండర్థములు. ఛాందోగ్యోపనిషత్తు పరమాత్మను సేతువనుచున్నది. లోకములు కలగలిసి చెడకుండ నిలుపువాడాయన, ఆ సేతువు దాటినవానికి రాత్రియు పగలే యగునని బోధించుచున్నది. అనగా ఆపువాడును ఆయనయే, దాటించువాడును ఆయనయే. దాటించినపుడు నమస్కరింతుము, ఆపినపుడు మాత్రము ఆయనను మరతుము.

విభీషణుడు శరణు కోరి వచ్చినపుడు సుగ్రీవాదులు సందేహించిరి. అతడు ఆకాశముననే నిలిచి స్వామి మాటకై వేచియుండెను. అభయము లభించిన పిమ్మటనే నేలకు దిగెను. అట్లు వేచినవాని సలహా మేరకే శ్రీరామచంద్రుడు దర్భలపై శయనించి సముద్రునికై మూడు రాత్రులు నిరీక్షించెను. తిరుప్పుల్లాణిలో ఆ దర్భశయన మూర్తిని నేటికిని సేవించుచున్నాము. సర్వలోకేశ్వరుడే త్రోవకై వేచియుండగా, మనమెంత?

పాత వంతెనపై 2022 డిసెంబరులో రైళ్లు నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, క్రొత్త వంతెన ప్రారంభమైనది. 72.5 మీటర్ల నడిమి భాగము విద్యుద్యంత్రములతో నిటారుగా పైకి లేచును. చేతితో త్రిప్పు శ్రమ పోయినది గాని, ఒకరు నిలిచిననే మరొకరు సాగుట పోలేదు.

పసుపు బస్తాల బండ్లు బారులు తీరిన మన ఆర్మూరు త్రోవలోనైనను, స్వామి దర్శనపు వరుసలోనైనను మనలను ఆపినపుడు, ఆ ఘడియలో ఎవరి నావ దాటుచున్నదో యని ఒక్కసారి తలపోయుదము. మన నావ దాటు రాత్రి ఎవరో ఒడ్డున నిలిచి మనకు త్రోవ విడువకపోరు. సేతుకర్త యగు శ్రీరామచంద్రుడు మనకట్టి ఓరిమిని అనుగ్రహించుగాక!