లోపలి గడియ

బాలా హిసార్ ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొట్టాడు. ముందే మెట్లెక్కి కొండ కొసన బారాదరి చేరిన మావాళ్లు అక్కణ్ణుంచి చేతులూపారు. "చూసిన్రా సార్, కోటకు చెవులుండె" అన్నాడు. గోల్కొండ చూడబోయిన ప్రతివాళ్లకూ ఈ చప్పట్లు తప్పవు. నాకు మాత్రం ఆ చెవులు 1687లో ఏమయ్యాయన్నదే పట్టుకుంది.

ఔరంగజేబు ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. ఒక రాత్రి మొగలు సైనికులు చప్పుడు కాకుండా గోడెక్కబోతే ఊరకుక్క ఒకటి మొరిగి కోటను లేపింది. గోల్కొండ సుల్తాను తానీషా దాని మెడలో బంగారు గొలుసు వేయించాడని ఖాఫీ ఖాన్ చరిత్రలో ఉంది. ఫిరంగులు కాపాడలేని రాత్రిని కుక్క కాపాడిందన్నమాట. చివరికి సెప్టెంబరులో అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని లంచం తీసుకుని రాత్రివేళ చిన్న ద్వారం తెరిచాడు. తెలిసినవాడి అడుగుకు ఏ కుక్క మొరుగుతుంది? ఏ గుమ్మటం మారుమోగుతుంది?

మేముండేది గండిమైసమ్మ చౌరస్తాకు దగ్గర్లో, గేటున్న కాలనీలో. దుండిగల్ దాకా ఇలాంటివే లేస్తున్నాయి. గేటు దగ్గర కూరగాయలామె పేరు రాయాలి, పనిమనిషి సంచి విప్పి చూపాలి, కొరియర్ కుర్రాడికి ఫోన్లో అనుమతి రావాలి. కారుకు స్టిక్కరుంటే మాత్రం కర్ర దానంతటదే లేస్తుంది. మా అనుమానమంతా బయటివాళ్ల మీదే. గోడ మీద ముళ్లతీగ ఇంకో వరస వేయాలని మొన్నటి మీటింగులో తీర్మానమైంది కూడా.

పన్నీని తిట్టుకుంటూనే మెట్లెక్కాను. (నా మోకాళ్లకు ఆ కోపమే సాయం.) దారిలో రామదాసు చెర వచ్చింది. పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించిన కంచెర్ల గోపన్నను పెట్టిన గది. గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే దేవుళ్ల బొమ్మలు. అందరూ వాటికి మొక్కుతున్నారు. నా చూపు తలుపుండే చోటికి పోయింది. లోపలివాడు గడియ తీయలేని గది ఇది. ఆ లెక్కన పన్నీ మోసం చేయలేని కోట కావాలంటే కోటంతా ఇలాగే కట్టాలి. మనుషులుండే చోట ఎవరో ఒకరి చేతిలో గడియ ఉండక తప్పదు. ఆ చేతిని గోడ కాయలేదు.

అలాంటి లంచమే తానీషా సేనానుల్లో మరొకడైన అబ్దుల్ రజాక్ లారీకీ చూపారు. పుచ్చుకోలేదు. శత్రువులు లోపలికి వచ్చేశాక కూడా గుర్రమెక్కి ఒళ్లంతా గాయాలయ్యేదాకా పోరాడాడు. ఔరంగజేబే తన వైద్యులను పంపి బతికించాడు. అతనూ పన్నీ ఒకే గోడల మధ్య ఉన్నవాళ్లు, ఒకే ప్రభువు ఉప్పు తిన్నవాళ్లు. మా గైడు పన్నీ కథను మాత్రం రెండుసార్లు చెప్పాడు. లారీ సంగతేమిటని అడిగాను.

"ఆయనది చెప్తే పబ్లిక్ నిలబడరు సార్" అని నవ్వి, మహంకాళి గుడివైపు దారి తీశాడు.