చదరంగ గ్రంథ సంచయం: ఉంచుకోవలసినది, ఇవ్వవలసినది

చదరంగ సేకరణ అంటే పుస్తకాల అల్మరా ఒక్కటే అనుకునే కాలం గడిచిపోయింది. ముప్పై నలభై ఏళ్లపాటు ఈ ఆటను ప్రేమించిన మనిషి ఇంట్లో పుస్తకాలతోపాటు పత్రికల పాత సంచికలు, బెల్‌గ్రేడ్ నుంచి వెలువడే ‘ఇన్‌ఫార్మేటర్’ సంపుటాలు, వీడియో క్యాసెట్లు, శిక్షణ పాఠాల డీవీడీలు, కంప్యూటరులో లక్షల ఆటలను దాచిన డేటాబేసులు ఉంటాయి. వీటన్నిటి అడుగున ఎక్కడో ఆయన స్వయంగా ఆడిన పోటీల స్కోరు షీట్లు, అంటే ఆట సాగుతుండగా ఆటగాళ్లు తమ ఎత్తులనూ ఎదుటివారి ఎత్తులనూ వరుసగా రాసుకునే కాగితాలు, ఒక సంచిలో కట్టగట్టి ఉంటాయి. వయసు మీదపడి, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడి, ఇల్లు మారవలసిన సమయం వచ్చినప్పుడు ఈ రాశిని ఏం చేయాలన్న ప్రశ్న ఆయన ముందు నిలుస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ఆ రాశిలో ఏది దేనికోసం చేరిందో, ఆ అవసరం ఇప్పటికీ ఉందో లేదో ముందుగా తేల్చుకోవాలి.

ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో ఈ తేల్చుకోవడం మరింత కష్టం. పత్తి వ్యాపారంతో ఆదోని, చేనేతతో ఎమ్మిగనూరు పేరు తెచ్చుకున్నాయి గాని, చదరంగ పుస్తకాలు దొరికే అంగళ్లు ఇక్కడ ఏనాడూ లేవు. 1980లలో ఇక్కడి ఆటగాడు ఒక మంచి పుస్తకం సంపాదించాలంటే విశాలాంధ్ర పుస్తకశాలల్లో చౌకగా అమ్మే సోవియట్ ప్రచురణల కోసం కాచుకోవాలి, లేదా మద్రాసుకో బొంబాయికో రైలెక్కే వారి చేతికి చీటీ రాసిచ్చి పంపాలి, అదీ కాకుంటే హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లోనో, బెంగళూరు అవెన్యూ రోడ్డు దుకాణాల్లోనో వెతుక్కోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న ఆదోనికి కన్నడ సీమతో రాకపోకలు సహజం కాబట్టి ఈ చివరి దారి చాలామందికి పనికివచ్చింది. ఇంత శ్రమపడి తెచ్చుకున్న పుస్తకం మీద ఆ శ్రమ తాలూకు మమకారం అతుక్కుపోతుంది. ఇవ్వాలా వద్దా అని ఆలోచించే వేళ ఆ మమకారాన్నీ, పుస్తకపు ప్రయోజనాన్నీ విడదీసి చూడడం తేలిక కాదు.

విడదీయడానికి మొదటి మెట్టు ఎత్తుల వరుసనూ, ఆ ఎత్తుల వెనుక ఉన్న ఆలోచననూ వేరుచేసి చూడడమే. ఎత్తుల వరుస చాలా చిన్న సమాచారం. ఎంత గొప్ప ఆటయినా అరపేజీలో ఇమిడిపోతుంది. హాంబర్గ్‌కు చెందిన ‘చెస్‌బేస్’ సంస్థ 1980ల ద్వితీయార్ధంలో ఆటలను కంప్యూటరులో భద్రపరచి, కోరిన తీరున వెతికే సాధనాన్ని రూపొందించింది. 1993లో ‘పీజీఎన్’ అనే పద్ధతి, అంటే ఏ యంత్రమైనా ఏ మనిషైనా చదవగలిగేలా ఆటను సాదా అక్షరాల్లో రాసే ఏర్పాటు, రూపుదిద్దుకున్న తర్వాత ప్రపంచంలో అచ్చయిన ప్రముఖ ఆటలన్నీ క్రమంగా ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. కాబట్టి కేవలం ఆటలను పోగుచేసిన సంపుటాలు తమ పనిని యంత్రానికి అప్పగించేశాయనే చెప్పాలి. ఆట తొలి దశను వివరించే ఓపెనింగ్ పుస్తకాల స్థితి ఇంకా దీనంగా ఉంది; 2008లో వెలువడిన ‘స్టాక్‌ఫిష్’ వంటి ఉచిత ఇంజిన్లు, అంటే ఎత్తుల మంచిచెడ్డలను లెక్కగట్టే ప్రోగ్రాములు, ఒకప్పుడు తిరుగులేనివని అచ్చువేసిన మార్గాలను క్షణాల్లో తప్పుపడుతున్నాయి. బోర్డు మీద కొద్దిపాటి పావులే మిగిలే ఎండ్‌గేమ్ దశను బోధించే పుస్తకాలు మాత్రం అంత త్వరగా పాతబడవు. ఒక బంటు, ఒక రాజు ఎదుట మరో రాజు నిలిచే స్థితిలోని సత్యం నూరేళ్ల కిందట ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. వ్యాఖ్యానాలున్న పుస్తకాలు కూడా అంతే, ఎందుకంటే వాటిలో ఉన్నది ఒక మనిషి తడబాటు, ఆశ, భయం, తర్కం. అవి ఏ డేటాబేసులోనూ దొరకవు.

ఈ లెక్కలో ‘ఇన్‌ఫార్మేటర్’ స్థానం ప్రత్యేకమైనది. 1966లో బెల్‌గ్రేడ్‌లో మొదలైన ఈ సంపుటాలు వ్యాఖ్యానాన్ని ఏ భాషలోనూ రాయకుండా కొన్ని గుర్తులతో చెప్పే పద్ధతిని స్థిరపరిచాయి: తెల్లపావులకు కొద్ది మేలు, నల్లపావులకు స్పష్టమైన ఆధిక్యం, ఇది ఒక్కటే దారి, ఇక్కడ ఎదురుదాడి ఉంది, ఇలా ఒక్కొక్క భావానికి ఒక్కొక్క చిహ్నం. ఇంగ్లీషు వాక్యం ముందు తడబడే ఎమ్మిగనూరు బడిపిల్ల ఆ గుర్తులను కొద్దిరోజుల్లో నేర్చుకుని, రష్యన్ గ్రాండ్‌మాస్టర్ అభిప్రాయాన్ని నేరుగా అందుకోగలదు. అందులోని ఆటలన్నీ యంత్రంలో ఉన్నమాట నిజమే అయినా, ఏ నలభై ఆటలను ముందుగా చూడాలో యంత్రం తనంతట తాను చెప్పదు. ఏరి కూర్చడం కూడా ఒక ఆలోచనే కాబట్టి ఈ సంపుటాలు పారవేయదగినవి కావు.

అయితే సేకరణలో అన్నిటికంటే అరుదైనది అట్టకట్టిన పుస్తకాల్లో ఉండదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో బొడ్డుచెర్ల తిమ్మన అనే కవి చదరంగంలో మేటి అనీ, రాయలతోనే ఆడి గెలిచేవాడనీ, అందుకు మెచ్చి రాయలు ఆయనకు కొప్పోలు గ్రామాన్ని ఇచ్చాడనీ చాటు సంప్రదాయం, అంటే కావ్యాల్లో చేరకుండా జనం నోట నిలిచిన విడి పద్యాల సంప్రదాయం, చెబుతున్నది. ఆదోని కోట ఆ విజయనగర రాజ్యంలోనిదే. పద్యం నిలిచింది, గ్రామం పేరు నిలిచింది, రాజును గెలిచిన ఆటల్లోని ఒక్క ఎత్తు కూడా నిలవలేదు. తిమ్మన దూకుడుగా ఆడేవాడో, ఓపికగా ఎదుటివాడి పొరపాటు కోసం కాచుకునేవాడో చెప్పగలవారు ఇక ఎన్నటికీ ఉండరు. అచ్చయినంత మాత్రాన కూడా భద్రత లేదు: 1495లో వలెన్సియాలో ఫ్రాన్సెస్క్ విసెంట్ నూరు చదరంగ సమస్యలతో అచ్చువేయించిన పుస్తకానికి ఇవాళ ఒక్క ప్రతి కూడా దొరకదు. తెలుగునాట చదరంగ చరిత్ర రాసేవారికి 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెండ్యాల హరికృష్ణ, 2002లో అయిన కోనేరు హంపి, 2011లో అయిన ద్రోణవల్లి హారిక ఆడిన ఆటలు వేల సంఖ్యలో లభిస్తాయి. కానీ పశ్చిమ కర్నూలు పట్టణాల్లో బడి హాళ్లలో, కల్యాణ మండపాల్లో, ఫ్యాన్ల కింద ఎగిరిపోయే కాగితాలను మోచేత్తో అదిమిపట్టి ఆడిన ఆటలు ఆ స్కోరు షీట్లలో తప్ప మరెక్కడా లేవు. సేకర్త మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న సందేహాలు, నోటుపుస్తకంలో ఎక్కించుకున్న విశ్లేషణలు కూడా ఇలాంటివే. ఖరీదును బట్టి చూస్తే వీటికి కాటా తూకం ధర కూడా రాదు. పోగొట్టుకుంటే తిరిగి రాకపోవడాన్ని బట్టి చూస్తే మొదట కాపాడవలసినవి ఇవే.

ఇంతవరకు చెప్పినది ప్రయోజనం దృష్టితో. సేకర్త మనసులో పెనుగులాట మాత్రం వేరే చోట ఉంటుంది. 1953లో జ్యూరిక్‌లో జరిగిన క్యాండిడేట్ల పోటీ, అంటే ప్రపంచ విజేతతో తలపడే ఆటగాడిని తేల్చే పోటీ, మీద డేవిడ్ బ్రాన్‌స్టీన్ రాసిన ప్రసిద్ధ గ్రంథంలో 210 ఆటలు ఉన్నాయి. చదరంగ పుస్తకాన్ని నవలలా చదవడం కుదరదు; బోర్డు వేసుకుని, పావులు కదిపి, వ్యాఖ్యాత చెప్పని దారులను కూడా వెతుకుతూ పోతే ఒక్క ఆటకు ఒక సాయంత్రం పడుతుంది. అంటే ఆ ఒక్క పుస్తకానికే 210 సాయంత్రాలు కావాలి. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సంసారం నడుపుకుంటూ వచ్చిన మనిషి ఇటువంటివి నూరు పుస్తకాలు కొన్నాడంటే, తన ఆయుష్షు చాలని చదువును ఇంటికి తెచ్చుకున్నాడన్నమాట. కొన్నప్పుడు ఆయనకు ఆ లెక్క తెలియకపోలేదు. ఏదో ఒక వేసవిలో తీరిక దొరుకుతుందనీ, ఆ పుస్తకాలన్నీ పూర్తిచేసిన నాడు తాను ఇప్పటికంటే గొప్ప ఆటగాడు అవుతాననీ ఒక నమ్మకం ప్రతి కొనుగోలులోనూ ఉంది. చదవని పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఆ కాబోయే ఆటగాడు ఇక రాడని ఒప్పుకోవడమే. బరువుగా తోచేది ఆ ఒప్పుకోలు. ఆ నమ్మకాన్ని వృథా అనడం న్యాయం కాదు. పగలంతా పత్తి బేళ్ల లెక్కల్లో గడిపిన మనిషికి రాత్రిపూట కడప బండల అరల మీద ఆ పుస్తకాలు కనిపిస్తూ ఉండడమే కొన్ని దశాబ్దాలపాటు ఆలోచనకు ఊపిరి ఇచ్చింది. అవి చేయవలసిన పనిలో సగం అలా జరిగిపోయింది. మిగిలిన సగం, అంటే బోర్డు పక్కన తెరుచుకోవడం, మరొకరి ఇంట్లో జరగవలసి ఉంది.

ఆ మరొకరు ఎవరన్న విషయంలో ప్రపంచపు అనుభవం కొంత దారి చూపుతుంది. క్లీవ్‌లాండ్ న్యాయవాది జాన్ గ్రిస్‌వోల్డ్ వైట్ 1928లో మరణించేటప్పుడు తన చదరంగ గ్రంథాలయాన్ని ఆ నగర ప్రజా గ్రంథాలయానికి విడిచిపెట్టాడు. ఆయన బతికుండగానే అరుదైన ప్రతులను చరిత్రకారుడు హెచ్.జె.ఆర్. మరేకు అందుబాటులో ఉంచబట్టే, చదరంగం పుట్టుక భారతదేశంలోనేనని చాటిన మరే 1913 నాటి బృహత్ చరిత్ర గ్రంథం అంత పుష్టిగా తయారైంది. హేగ్‌లోని డచ్చి జాతీయ గ్రంథాలయంలో 1876లో వాన్ డెర్ లిండె అమ్మిన సంచయమూ, 1948లో నీమైయర్ దానం చేసిన సంచయమూ ఒకే గూటికి చేరాయి. ఇందుకు విరుద్ధంగా, ఏ నిర్ణయమూ తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి బాబీ ఫిషర్ ఉదంతం ఉంది: పసడీనాలో అద్దె గోదాములో ఉంచిన ఆయన సామగ్రి, అద్దె బకాయి పడినందున 1990ల చివర వేలానికి పోయింది.

ఆదోనికి క్లీవ్‌లాండ్ దారి యథాతథంగా పనికిరాదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్న పట్టణాలు కాబట్టి శాఖా గ్రంథాలయం అన్నది మొదట తట్టే చోటు, తట్టవలసిన చోటు కూడా. డ్యూయీ వర్గీకరణలో చదరంగానికి 794.1 అని సంఖ్యే ఉంది. అయినా పుస్తకాలు వాడకం కోసమేనన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచ సూత్రాల్లో మొదటిది కాగా, చదరంగ పుస్తకాన్ని వాడడానికి పక్కన బోర్డు, ఎదుట మనిషి, మాట్లాడుకునే స్వేచ్ఛ కావాలి. నిశ్శబ్దం కోరే పఠన మందిరంలో అది కుదరదు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మరో చిక్కు ఉంది. వాటిలో ఎత్తులను ‘రాజు ముందరి బంటు నాలుగో గడికి’ అన్న తీరున, ఎవరి వైపు నుంచి వారు లెక్కపెట్టే పద్ధతిలో రాసేవారు. 1981 తర్వాత అంతర్జాతీయ సమాఖ్య దాన్ని గుర్తించడం మానేసింది, నేటి పిల్లలకు అది అర్థం కాదు. కనుక పుస్తకాలతోపాటు వాటిని చదివి చెప్పే మనిషి కూడా వెళ్లకపోతే ఆ దానం స్థలం మార్చిన భద్రత మాత్రమే అవుతుంది, అది కూడా చెదలకు లోబడిన భద్రత.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఇక్కడ గుర్తుకు రావడం సహజం. ఒక్కొక్క నేతగాడు విడిగా చేయలేని కొనుగోలు, అమ్మకం కలిసి చేయవచ్చునని ఆ సంఘం ఈ నేల మీదే రుజువు చేసింది. రెండు పట్టణాల మధ్య దూరం దాదాపు 30 కిలోమీటర్లే. ఆదివారాల్లో పిల్లలకు ఆట నేర్పే ఉపాధ్యాయులో, పాత ఆటగాళ్లో రెండు చోట్లా ఉంటే, సంచయాన్ని ఉమ్మడిగా పెట్టి, పెట్టెల వారీగా అటూ ఇటూ తిప్పడం సాధ్యమే. ఎండ్‌గేమ్ పుస్తకాలు, ‘ఇన్‌ఫార్మేటర్’లు, వ్యాఖ్యాన గ్రంథాలు అలా తిరగాలి. డీవీడీలను ప్రతులు తీసి పంచడం రచయితల హక్కుకు భంగం కాబట్టి అసలు డిస్కులనే ఇవ్వాలి, త్వరగానూ ఇవ్వాలి. వాటిని నడిపే యంత్రాలే అరుదైపోతున్నాయి. వానలు లేని ఏడాది కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు గుంటూరు మిరప చేలకు వలస వెళ్తుంటే వెంట వెళ్లే పిల్లల చేతికి బరువైన పుస్తకం అందదు. ఉపాధ్యాయుడు పది ఎండ్‌గేమ్ స్థితులను ఒక కాగితం మీద గీసి ఇస్తే మాత్రం అది సంచిలో పడుతుంది.

తనకోసం సేకర్త కొన్ని ఉంచుకోవడంలో తప్పేమీ లేదు. ఏవి అన్నదానికి అందం, అరుదుతనం కొలమానాలు కావు. ఈ నెలలోనే బోర్డు వేసుకుని తెరవాలనిపించే పుస్తకాలు ఒక చిన్న అరలో సరిపోతాయి. మిగిలిన తీరికను ఆయన స్కోరు షీట్ల మీద పెట్టాలి: పసుపుబారిన కాగితాల్లోని ఎత్తులను బోర్డు మీద ఆడి సరిచూసి, పీజీఎన్‌లోకి ఎక్కించి, ఒక ప్రతిని గ్రంథాలయానికి, ఒకదాన్ని ఆట నేర్పేవారికి ఇవ్వాలి. ఎక్కించే పనిలో కుర్రవాళ్లు సాయపడగలరు, చదివి చెప్పే పనిలో కాదు. ‘మూడో రౌండు, నల్లపావులు, డ్రా’ అని మాత్రమే రాసి ఉన్నచోట ఎదుట కూర్చున్నది ఎవరో, ఏ ఊరివారో, గెలవగలిగిన స్థితిలో డ్రాకు ఎందుకు చేయి చాచారో తెలిసినది ఆయనకూ, ఊళ్లో ఇంకా మిగిలిన ఒకరిద్దరు పాత ప్రత్యర్థులకూ మాత్రమే.