తెరచాటున చెవి

“నా చెవులతో నేను వింటిని, నాకు కొలతలతో నేమి పని?” యని సంగీతయంత్రములను గూర్చి వాదించువారు కలరు. వారు అసత్యమాడుట లేదు. కాని విన్నది చెవి యొక్కటియేనా?

ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. 40 మందికి నాలుగు లౌడుస్పీకర్లను ఒకమారు తెరచాటుననుండియు, ఒకమారు కంటికి కనబడునట్లును వినిపించి మార్కులు వేయించిరి. ఆ శ్రోతలు హార్మన్ అను స్పీకర్ల కంపెనీ యుద్యోగులే! కనబడినపుడు పెద్ద స్పీకర్లకు మార్కులు పెరిగినవి. చౌకయైన చిన్నదానికి తగ్గినవి. అంతకంటె వింత యేమనగా, స్పీకరును గదిలో వేఱొకచోట నుంచినపుడు ధ్వని నిజముగానే మారును. తెరచాటున విన్నవా రా భేదమును గుర్తించిరి, చూచుచు విన్నవారు అంతగా గుర్తింపరైరి. కన్ను లేనిదానిని కల్పించుటయే గాక, ఉన్నదానిని గూడ మఱపించినదన్నమాట.

తెర కట్టుట చెవికి అవమానమని కొందఱందురు. నాకట్లు తోచదు; చెవి యొంటరిగా సాక్ష్యమిచ్చున దచ్చటనే గదా. ఇంటిలో నెవరును తెర కట్టుకొని వినరు, నిజమే. చూచి పొందిన సంతోషమును సంతోషమే. దానిని యంత్రముయొక్క గుణమని చెప్పి, పొరుగువానిచే వేలకొలది రూపాయలు వెచ్చింపజేయుట మాత్రము న్యాయము కాదు.

తెర కట్టువారికి నొకమాట: రెండు యంత్రముల ధ్వనిని ముందుగా కొలిచి సమము చేయవలెను. లేకున్న, కొంచెము బిగ్గరగా మ్రోగినదే మేలైనదిగా తోచును.