న్యాయం ఎవరి మధ్య?

2025 ఫిబ్రవరిలో అమెరికాలోని డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు తన మేటి ఆటగాడు లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు ఇచ్చి, ముఖ్యంగా ఆంథొనీ డేవిస్‌ను తీసుకున్నది. దీన్ని అక్కడ ‘ట్రేడ్’ అంటారు, అంటే వర్తకం. అంతటివాణ్ణి చవకగా వదులుకున్నారని అభిమానులు నిరసనకు దిగారు. మే నెలలో, కొత్త ఆటగాళ్ళ ఎంపికకు తీసిన లాటరీలో 1.8 శాతం అవకాశమే ఉన్న డల్లాస్‌కు మొదటి స్థానం దక్కింది. లీగే తూకం సరిచేసిందని కొందరు అనుమానించారు. రుజువు మాత్రం లేదు.

ఈ వాదాలన్నిటిలోనూ న్యాయమంటే జట్టుకూ జట్టుకూ మధ్య సమతూకమే. మరి ఆటగాడి మాట? 2011లో క్రిస్ పాల్ న్యూ ఆర్లియన్స్ విడిచి వెళ్ళదలచినా, లేకర్స్‌తో కుదిరిన మార్పిడిని లీగు ఆపివేసింది. డాన్చిచ్ కోరకపోయినా అతణ్ణి పంపివేశారు.

కోట్లు గడించేవారిపై జాలి దేనికని అడగవచ్చు. జాలి అక్కరలేదు. ట్రేడ్ నిబంధనలకు ఆటగాళ్ళ సంఘం సమ్మతి ఉన్నదన్నదీ నిజమే. కాని జీతం శ్రమకు వెల. మనిషి ఇచ్ఛకు కాదు. 1970లో ఆ సంఘాధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద లీగుపై దావా వేశాడు. 1976 నాటి రాజీ, ఒప్పందం గడువు తీరిన ఆటగాడు తన జట్టును తానే ఎంచుకునే స్వేచ్ఛకు దారితీసింది. అది యజమానులు దయతో ఇచ్చింది కాదు.

అభిమానులు వాదించుకోవలసిందే. అయితే తక్కెడలో రెండు పళ్ళేలూ సరితూగినంతమాత్రాన, అందులో తూగిన మనిషికి న్యాయం జరిగినట్టు కాదు.