బాధకు జాబితా: వైద్య గంజాయి అర్హతలో దయ, న్యాయం

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అన్న సామెతలో రెండు మొక్కలు రెండు నైతిక ధ్రువాలుగా నిలుస్తాయి. తులసి ఔషధం, పవిత్రం. గంజాయి మత్తు, పతనం. ఒకటి మరొకటి కావడానికి ఆ సామెతలో వీలు లేదు. అమెరికాలోని పలు రాష్ట్రాలు మాత్రం గత మూడు దశాబ్దాలుగా ఆ గంజాయినే కొందరు రోగులకు ఔషధంగా అనుమతిస్తూ వచ్చాయి. ‘కొందరు’ అన్న మాట దగ్గరే నైతిక ప్రశ్న మొదలవుతుంది. ఏ రోగిని లోపలికి రానివ్వాలి, ఎవరిని గుమ్మం దగ్గర ఆపాలి? ఆ గీత ఎవరు, ఏ ఆధారంతో గీయాలి? మిన్నెసోటా రాష్ట్ర అనుభవాన్ని ముందుంచుకొని ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. గంజాయి మంచిదా చెడ్డదా అన్న వాదం దీని పరిధిలోనిది కాదు.

జాబితా స్వరూపం

1970 నాటి అమెరికా కేంద్ర చట్టం గంజాయిని ఆమోదిత వైద్య ప్రయోజనం లేని పదార్థాల సరసన, మొదటి షెడ్యూలులో చేర్చింది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదన ద్వారా దానికి భిన్నమైన మార్గం తెరిచారు. ఆ చట్టం కొన్ని జబ్బులను పేర్కొని, గంజాయి వల్ల ఉపశమనం కలిగే ఇతర వ్యాధులకూ చోటు ఇచ్చింది. తరువాత వచ్చిన అనేక రాష్ట్రాలు అంత ఉదారంగా వ్యవహరించలేదు. 2014 మే నెలలో చట్టం చేసిన మిన్నెసోటా తొమ్మిది స్థితులను మాత్రమే గుర్తించింది. మూర్ఛ, గ్లకోమా, హెచ్‌ఐవి, తీవ్రమైన కండరాల బిగుతు, క్రోన్స్ వ్యాధి వంటివి వాటిలో ఉన్నాయి. క్యాన్సర్ ఉన్నా చాలదు. దానితోపాటు తీవ్రమైన నొప్పో, వాంతులో, శరీరం కృశించడమో ఉండాలి. మరణాసన్న స్థితి అంటే ఏడాదికి మించి బతకరన్న అంచనా ఉండాలి. 2015 జూలైలో పంపిణీ మొదలైంది. ఎండు పువ్వుకు అనుమతి లేదు. మాత్రలు, ద్రవాలు, ఆవిరిగా పీల్చే నూనెలు మాత్రమే ఇచ్చారు.

ఈ ఏర్పాటులో వైద్యుడి స్థానం గమనించదగినది. అతడు మందుచీటీ రాయడు. జాబితాలోని జబ్బు ఈ రోగికి ఉందని ధ్రువీకరిస్తాడు. ఈ మనిషికి ఇది మేలు చేస్తుందా అన్న వైద్య ప్రశ్న వెనక్కిపోయి, ఈ మనిషి జబ్బు పేరు పట్టికలో ఉందా అన్న పాలనాప్రశ్న ముందుకు వస్తుంది.

వేదన, సాక్ష్యం

‘వేదన’ అన్న పదానికి మూలం తెలుసుకోవడమనే అర్థమున్న ‘విద్’ ధాతువు. వేదన అంటే అనుభవించేవాడికి మాత్రమే నేరుగా అందే ఎరుక. వ్యాధికి పరీక్షలు ఉన్నాయి. వేదనకు రోగి మాటే మొదటి సాక్ష్యం. ‘ఎద్దుపుండు కాకికి నొప్పా?’ అన్న సామెత ఈ దూరాన్నే చెబుతుంది. కాకి క్రూరత్వం కన్నా దాని తెలియనితనం ఇక్కడ ముఖ్యం. పరుల నొప్పిని చట్టంగా రాయవలసి వచ్చినప్పుడు రాజ్యం ఉండేదీ ఆ దూరంలోనే.

మిన్నెసోటా తొలి జాబితాలో ఉపశమించని నొప్పికి చోటు లేకపోవడం ఈ దృష్టితో చూడాలి. దానిని చేర్చాలా వద్దా అన్న నిర్ణయాన్ని చట్టం ఆరోగ్యశాఖ కమిషనర్‌కు వదిలింది. నిపుణుల సలహా మండలి వద్దన్నది. అయినా కమిషనర్ ఎడ్వర్డ్ ఎలింగర్ 2015 డిసెంబరులో చేర్చాలని నిర్ణయించారు. 2016 ఆగస్టు నుంచి అది అమలయింది. కారణాన్ని తొలగించలేని, సముచిత ప్రయత్నాల తరువాతా ఉపశమనం దొరకని నొప్పి అని దానికి నిర్వచనం. అంటే మిగతా చికిత్సలన్నీ ఓడిపోవడమే రోగికి అర్హత. ఆ చికిత్సలలో ప్రాణాంతక వ్యసనానికి దారితీయగల నల్లమందు జాతి మందులూ ఉంటాయి. తక్కువ ప్రమాదం ఉన్నదని రోగి భావించే దారికి రావడానికి ఎక్కువ ప్రమాదం ఉన్న దారిలో నడిచి రావాలనడం నైతికంగా సమర్థించడం కష్టం. 2017లో మానసిక ఆఘాతానంతర రుగ్మత, 2020లో దీర్ఘకాలిక నొప్పి జాబితాలో చేరాయి.

పూర్వపక్షం

జాబితా విస్తరణను వ్యతిరేకించేవారి వాదాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. ఔషధం అన్న పేరు కరుణతో రాదు, ప్రమాణంతో రావాలి అన్నది వారి మొదటి మాట. ఆ ప్రమాణంతోనే జాబితాను తూచి చూద్దాం. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో ప్రచురించిన సమీక్ష వయోజనుల దీర్ఘకాలిక నొప్పి విషయంలో గంజాయి ఉపయోగానికి గట్టి ఆధారాలున్నాయన్నది. గ్లకోమాలో కంటి ఒత్తిడి తగ్గించడానికి అది పనికిరాదనడానికే పరిమితమైన ఆధారాలు కనిపించాయి. అంటే ఆధారం బలంగా ఉన్న నొప్పి 2014 జాబితాకు వెలుపల, ఆధారం లేని గ్లకోమా లోపల ఉన్నాయి. మూర్ఛ విషయంలో ఆ సమీక్షకు తగిన ఆధారం దొరకలేదు. మరుసటి ఏడాదే గంజాయి నుంచి తీసిన కన్నాబిడియాల్ మందును రెండు అరుదైన మూర్ఛలకు కేంద్ర ఔషధ సంస్థ ఆమోదించింది. ఆధారం కదిలే వస్తువు. జాబితా కదలని శాసనం. పైగా పరిశోధనకు ఆటంకమైన చట్టమే పరిశోధన చాలలేదని రోగిని వెనక్కి పంపడం తలుపుకు తాళం వేసి ఆలస్యంగా వచ్చావని నిందించడం వంటిది.

రెండవ మాట: ద్వారం వెడల్పు చేస్తే నొప్పి నటించేవారూ వస్తారు. వస్తారు. ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశం ఉంది: అవసరం లేనివాడికి ఇవ్వడం, అవసరమున్నవాడికి నిరాకరించడం. మొదటిది కార్యక్రమ గౌరవానికి, సమాజానికి హాని. రెండవది ఒక శరీరం మీద ప్రతి రాత్రీ జరిగే హాని. జాబితా మొదటి దానికి మాత్రమే భయపడుతుంది. అలాగని ద్వారపాలకుడు అక్కరలేదనీ చెప్పలేము. గంజాయి వాడకానికీ మనోవైకల్యాలకూ సంబంధం ఉందనడానికీ అదే సమీక్ష గట్టి ఆధారాలు చూపింది. తరచు వాడేవారికి ముప్పు ఎక్కువ. కాబట్టి జాబితా తొలగిన చోట వైద్యుడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. 2021లో న్యూయార్క్ జబ్బుల జాబితాను విడిచి నిర్ణయాన్ని వైద్యుడి విచక్షణకు అప్పగించడం ఈ దిశలో అడుగే. అయితే ప్రతి అర్జీ మీదా చదవకుండా సంతకం చేసే చేతికి విచక్షణ అన్న పేరు తగదు.

దయ నుంచి న్యాయానికి

కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్ చట్టాల పేర్లలో ‘కారుణ్యం’ అన్న మాట కనిపిస్తుంది. మాట ఉదాత్తమైనదే. కానీ దయకు ఎంపిక ఉంటుంది. ఎవరి కన్నీరు కనబడితే వారి వైపు తిరుగుతుంది. న్యాయానికి ఆ స్వేచ్ఛ లేదు. ఒకే తీవ్రత గల బాధను ఇద్దరు అనుభవిస్తుంటే, ఒకరి జబ్బుకు పేరుండి మరొకరి జబ్బుకు పేరు లేకపోవడం వారిని వేరుగా చూడడానికి హేతువు కాదు. ఉపశమనమే అనుమతికి కారణమైనప్పుడు అర్హతనూ ఉపశమనంతోనే కొలవాలి.

కాగితం మీది అర్హతే ప్రాప్తి కాదని కూడా మిన్నెసోటా చూపింది. తొలినాళ్లలో నమోదుకు ఏడాదికి 200 డాలర్లు, పేదలకు 50. బీమా వర్తించదు. ఆంధ్రప్రదేశ్ కన్నా విశాలమైన రాష్ట్రానికి మొదట అనుమతించినవి ఎనిమిది కేంద్రాలు. 2022లో ఎండు పువ్వు అమ్మకం మొదలైంది. 2023లో నమోదు రుసుము రద్దయింది. జాబితాలో చేరిన రోగికీ కేంద్రానికీ మధ్య ఉన్న దూరం, ధర కూడా నైతిక ప్రశ్నలోని భాగాలే.

ముగింపు

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. చట్టబద్ధంగా నల్లమందు సాగయ్యే మన దేశంలోనే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతుల చిక్కుల వల్ల క్యాన్సర్ రోగికి మార్ఫిన్ అందని స్థితి చాలాకాలం సాగింది. ఆ చిక్కును సడలించడానికే 2014లో చట్టాన్ని సవరించవలసి వచ్చింది. అక్కడా ఇక్కడా మత్తు పట్ల ఉన్న న్యాయమైన భయం, నొప్పి పట్ల ఉండవలసిన శ్రద్ధను మింగేసింది. సామెతలోని రెండు మొక్కలకు సమాజం ఇచ్చిన విలువలు అలాగే ఉండవచ్చు. రోగి మంచం దగ్గర నిలబడినప్పుడు మాత్రం మొక్క పేరు కన్నా ముందు ఆ మనిషి మాట వినడం ధర్మం. ఆ మాటను పరీక్షించే హక్కు రాజ్యానికి ఉంది. వినకముందే పట్టిక చూపి పంపే హక్కు లేదు.