నీల్‌కి ఒక రాత్రి ఇవ్వు

అమ్మలూ,

నువ్వు రాత్రి పంపిన ప్రయాణం కాగితం పొద్దున్నే కాఫీ తాగుతూ చూశాను. సంక్రాంతి సెలవులకి అండమాన్, ఐదు రాత్రులు, మీ ఇద్దరూ, నాలుగేళ్ల బుడ్డోడు, మీ అత్తగారు. అంతా బాగానే ఉంది. నాలుగో రోజు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. "హావ్‌లాక్ చెక్ అవుట్, నీల్ కవర్, సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్" అని ఉందక్కడ. దాని కింద నువ్వు, "పెద్దమ్మా, నీల్ కలుపుదామా, వదిలేద్దామా? నాలుగు గంటల్లో అయిపోతుందంటున్నాడు ఏజెంటు" అని అడిగావు.

ఈ "కవర్" అన్న మాట నాకు కొత్త కాదు. పన్నెండేళ్ల కిందట మీ పెదనాన్నకీ నాకూ ఇలాగే ఒకాయన చెప్పాడు. దారిలోనే కదా మేడం, దిగి చూసేసి ఎక్కేయడమే అన్నాడు. సరేనన్నాం. పదిన్నరకి నీల్ దీవిలో దిగాం. రెండు సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో తెలీక, జెట్టీ బయట టీ కొట్టాయన్ని బతిమాలి బల్ల కింద తోయించాం. ఆటో కట్టించుకుని ముందు రాతి వంతెన చూద్దామని బయల్దేరాం. సముద్రం పోటు మీద ఉంది. ఇప్పుడు కిందికి దిగలేరు, నీళ్లు తీశాక రండి అన్నాడు ఆటో అబ్బాయి. నీళ్లు ఎప్పుడు తీస్తాయంటే, నాలుగింటికన్నాడు. మా బోటు మూడింటికి! అక్కణ్ణించి లక్ష్మణ్‌పూర్ ఒడ్డుకి తీసుకెళ్లాడు. అది సూర్యాస్తమయం చూసే చోటు. మేం వెళ్లింది మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, ఇసక మీద కాలు పెడితే కాలిపోతోంది. చివరికి భరత్‌పూర్. నీళ్లు పచ్చగా, గాజులా ఉన్నాయి. మీ పెదనాన్న పంచె మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని నిలబడ్డారే గానీ మునగలేదు. పొడిబట్టలు టీ కొట్లో బల్ల కింద ఉన్నాయి మరి. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, ఈసారొచ్చినప్పుడు చూద్దువుగాని. ప్రతి దాంట్లోనూ ఆయన వాచీ చూసుకుంటూనే ఉంటారు.

అలాగని వదిలేయమనట్లేదు. ఆ పద్ధతిలో వద్దంటున్నాను. వెళ్తే ఒక రాత్రి ఉండు, ఉండలేకపోతే దాని జోలికే పోకు. ఎందుకో చెప్తాను విను.

ఆ దీవిలో చూడవలసినవి రెండూ సముద్రం దగ్గర వాటా పంచుకున్నట్టుంటాయి. ఒకటి ఆ రాతి వంతెన. అలలు కోసి కోసి చేసిన సహజమైన తోరణం అది. అక్కడ స్థిరపడ్డ బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పిలుస్తారు. నీళ్లు బాగా తీసినప్పుడే దాని కిందికి నడిచి వెళ్లగలం. దారంతా రాళ్లు, చచ్చిపోయిన పగడాల గుట్టలు. మధ్యలో నిలిచిపోయిన నీటిగుంటల్లో పీతలూ, నక్షత్రాల్లాంటి చేపలూ, దోసకాయల్లా పడి ఉండే జీవాలూ కనిపిస్తాయి. బుడ్డోడు అక్కణ్ణించి కదలడు చూడు. రెండోది భరత్‌పూర్ తీరం. దానికి సరిగ్గా ఎదురు లెక్క. నీళ్లు తీసేస్తే పగడాల మిట్టలు బయటపడి కాలు పెట్టడానికి వీలుండదు. పోటు మీద ఉంటేనే స్నానాలైనా, అడుగున అద్దం బిగించిన పడవలైనా. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. నాలుగు గంటల కోసం దిగినవాడికి రెండింట్లో ఒకటే దక్కుతుంది, అదీ అదృష్టం బాగుంటే. రాత్రి ఉన్నవాడికి నీళ్లే రెండూ తెచ్చి చూపిస్తాయి.

ఆ వేళలు రోజూ ఒకటే ఉండవని కూడా గుర్తుపెట్టుకో. రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు మరీ ఎక్కుతాయి, మరీ తీస్తాయి. మీ స్నేహితురాలు డిసెంబరులో ఎనిమిదింటికి వంతెన చూసిందని నువ్వూ ఎనిమిదింటికే పోతే లాభం లేదు. మీరు వెళ్లే రెండు రోజుల ఆటుపోట్ల వేళలు ముందే చూసి పెట్టుకో. హోటల్ వాళ్లనడిగినా చెప్తారు. మన పంచాంగం ఎంత ముఖ్యమో అక్కడ వాళ్లకి అదంత ముఖ్యం.

ఇంకో సంగతి. నీల్ కలపడమంటే ఎక్కడికో పక్కకి తిరిగి పోవడమని నువ్వనుకుంటున్నావు. పటం తీసి చూడు. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మూడూ ముక్కోణంలా ఉంటాయి. హావ్‌లాక్ నుంచి నీల్‌కి బోటులో గంట. నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి గంటన్నర, రెండు గంటలు. హావ్‌లాక్ నుంచి నేరుగా వచ్చినా ఇంచుమించు అంతే పడుతుంది. అంటే దారి పెద్దగా పెరగదు. పెరిగేదల్లా ఇంకోసారి జెట్టీ క్యూ, ఇంకోసారి గుర్తింపు కార్డుల తనిఖీ, ఇంకో హోటల్ గది. ఆ గది మారడమే ఆడవాళ్లకి అసలు ఖర్చు. తడిబట్టలు ప్లాస్టిక్ కవర్లో కుక్కి, పిల్లాడి చెప్పుల్లో ఇసక దులిపి, చార్జర్లు లెక్కపెట్టి... మీ ఆయనకి అదేమీ కనపడదు, ఆయన పాటికి బిల్లు కట్టి బయట నిలబడతాడు. అందుకని పెద్ద పెట్టెలు పోర్ట్ బ్లెయిర్ హోటల్లోనే వదిలెయ్యి. చివరి రాత్రి మళ్లీ అక్కడికే వస్తారు గనక అడిగితే ఉంచుతారు. మనిషికో చిన్న సంచీ చాలు.

ఆ రాత్రి ఎక్కణ్ణించి తేవాలన్నది అసలు ప్రశ్న. నీ కాగితంలో ఐదో రోజు బారాటాంగ్ సున్నపురాతి గుహలున్నాయి కదా, అది కొట్టెయ్యి. జారవా ఆదివాసుల అడవి మీదుగా కాన్వాయ్‌లో పోవాలి. తెల్లారి ఆరింటి కాన్వాయ్ అందుకోవాలంటే మూడున్నర, నాలుగింటికే పిల్లాణ్ణి లేపాలి. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు అంతసేపు కార్లో, మళ్లీ పడవలో, మళ్లీ నడకలో! పైగా ఆ దారిన పోయే జనంలో సగం మంది కళ్లు అడవి మీద ఉండవు, జారవాలు కనిపిస్తారేమోనని ఉంటాయి. ఫొటోలు తీయడం నేరం, అయినా ఫోన్లు పైకి లేస్తూనే ఉంటాయి. ఆ దారి నాకు నచ్చదు. ఇది నా మాట, నీకు నచ్చాలని లేదు. గుహలు మన బొర్రాలో లేవా, అరకు రైలెక్కితే పోలా!

అప్పుడు లెక్క ఇలా కుదురుతుంది. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్, సాయంత్రం సెల్యులర్ జైలు. దాదాపు ఏడొందల కొట్లు, ఏడు రెక్కల్లో మిగిలినవి మూడే. అది చూడకుండా మాత్రం రావద్దు. తర్వాత రెండు రాత్రులు హావ్‌లాక్, ఒకటి నీల్, చివరిది మళ్లీ పోర్ట్ బ్లెయిర్. ఆ చివరి రాత్రిని మాత్రం ఎవరు చెప్పినా దీవిలో పెట్టొద్దు. నీల్‌లో పొద్దున్న బోటెక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చంటాడు ఏజెంటు. సముద్రం ఆయన జీతగాడు కాదు. 2016 డిసెంబరులో వాయుగుండం వస్తే హావ్‌లాక్, నీల్ దీవుల్లో సుమారు 1400 మంది టూరిస్టులు చిక్కుబడిపోయారు. నేవీ ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. జనవరిలో సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది, భయపెట్టాలని చెప్పట్లేదు. అల్లుడు హావ్‌లాక్‌లో స్కూబా చేస్తానంటున్నాడుగా, అతనికీ ఇదే మేలు. నీళ్లలోంచి పైకొచ్చాక ఒక రోజు పూర్తిగా గడిచాకే విమానం ఎక్కాలి. మధ్యలో రెండు రాత్రులుంటే ఆ బెంగ ఉండదు.

సెలవు దొరక్క నాలుగు రాత్రులకి దిగిపోయారనుకో, అప్పుడు నీల్ ఊసే వద్దు. హావ్‌లాక్‌లోనే రెండు రాత్రులు హాయిగా ఉండండి. రాధానగర్ ఒడ్డున రెండు సాయంత్రాలు కూర్చున్నా విసుగు రాదు. అన్నట్టు సాయంత్రమంటే మన సాయంత్రం కాదు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందు పోతాడు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాదులో ఆరింటికి దిగే పొద్దు అక్కడ ఐదుంబావుకే దిగిపోతుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచి తీరిగ్గా వెళ్దామనుకుంటే చీకట్లో చెప్పులు వెతుక్కోవాలి.

ఇక మీ అత్తగారు. "మీ ఇష్టమే నా ఇష్టం" అన్నారని రాశావు. తల్లీ, నాకూ అరవై తొమ్మిదొచ్చాయి. ఆ మాటకి అర్థం నేను చెప్తాను. కొడుకూ కోడలూ ఎదురుగా కూర్చుని ఫోనులో బొమ్మలు చూపిస్తుంటే ఏ పెద్దావిడైనా అదే అంటుంది. ఆవిణ్ణి విడిగా అడుగు, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ అడుగు. వెళ్దామా అనొద్దు, ఎన్నిసార్లు బోటెక్కే ఓపిక ఉంటుంది వదినగారికి అని నేనడగమన్నానని అడుగు. మూడుసార్లు అంటే నీల్ పెట్టు. రెండు చాలమ్మా అంటే ఇంక నా ఉత్తరం మడిచి పక్కన పెట్టెయ్యి. పోటూ ఆటూ లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఆవిడ ఒప్పుకుంటే నీల్ ఆవిడకి నచ్చుతుందనే నా నమ్మకం. చిన్న దీవి, ఎత్తుపల్లాలు తక్కువ, ఆటోలో ఎక్కడికైనా పది పదిహేను నిమిషాలు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకి అక్కడ భూములిచ్చారు. ఊళ్లకి పేర్లు చూడు: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. రామాయణం చదువుకునే మనిషి, ఆ పలకలు చదువుతూ పోతే ఆవిడకదే ఒక కాలక్షేపం. అండమాన్‌కి కూరగాయల బుట్ట అని దానికి పేరు. వంకాయలూ సొరకాయలూ పొలాల్లో కనిపిస్తాయి, చేపలు తినని ఆవిడకి పప్పూ కూరా దొరుకుతాయి. బాణలి వేరే పెట్టమని ముందే చెప్పుకోవాలి, అంతే. భాష కూడా అనుకున్నంత ఇబ్బంది కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లే. పోర్ట్ బ్లెయిర్‌లో మేమెక్కిన ఆటో ఆయన మా మాటలు కాసేపు విని, "ఏ ఊరండీ? మాది సోంపేట" అన్నాడు. మీ పెదనాన్న ఇంక జైలు సంగతి మర్చిపోయి జీడితోటల గురించి మొదలెట్టారు.

బోటెక్కే ముందు ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపూ వద్దు. రెండిడ్లీలు చాలు. వాంతుల మాత్ర వేసుకునేదుంటే ఎక్కాక కాదు, ముందే. పిల్లాడికి మీ డాక్టర్నడిగి తీసుకో. మధ్య వరసల్లో కూర్చోండి, ఫోను చూడకుండా దూరంగా నీళ్ల అంచు చూడమను. టికెట్ల మీద నీల్ అని ఉండకపోవచ్చు, కంగారు పడకు. 2018 చివర్లో దాన్ని షహీద్ ద్వీప్ అన్నారు, హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆటోవాళ్లు ఇంకా పాత పేర్లే అంటారు. చేతిలో కొంచెం నోట్లుంచుకో, నీల్‌లో ఫోన్ మీద మరీ ఆధారపడకు. బోటు టికెట్లు మాత్రం ఈ వారమే తీసెయ్యండి, పండగ సెలవులకి ముందే నిండిపోతాయి. అవి దొరికాకే హోటల్‌కి డబ్బు కట్టు.

నాకేమీ తేవద్దు. ముఖ్యంగా పగడాలూ గవ్వలూ ఏరి తేకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, పిల్లాడు ఏడుస్తాడు. ఒక్క పని చెయ్యి. నీళ్లు తీశాక మీరంతా వంతెన దగ్గరికి పోతారు, ఆ రాళ్ల మీద మీ అత్తగారు రాలేరు. ఆవిణ్ణి ఆటోలో ఒంటరిగా వదిలిపోకండి. ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెళ్లి రండి. మళ్లీ పోటు వచ్చాక ఆవిణ్ణి భరత్‌పూర్‌లో నీళ్ల అంచున ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టు, పాదాలు నీళ్లలో ఉండేలా. చీర కుచ్చిళ్లు తడిసినా ఫరవాలేదు, పొడిచీర మీ గదిలోనే ఉంటుందిగా. అప్పుడొక ఫొటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ